సెయింట్ కిల్డా: ఒక దీవి ఊరు ఎందుకు ఖాళీ అయింది?



"చిన్న ఊళ్లు వాటంతట అవే ఖాళీ అవుతాయి, అందులో ఎవరి తప్పూ లేదు" అని మా క్లాసులో ఒకతను అన్నాడు. మా గూడెం గురించే అన్నాడని అర్థమైంది గానీ జవాబు చెప్పలేకపోయాను. తర్వాత సెయింట్ కిల్డా చరిత్ర చదివాను.

అది స్కాట్లండ్‌కి పడమర, అట్లాంటిక్ సముద్రంలో ఉంది. అక్కడి హిర్టా అనే దీవిలో ఒకటే ఊరు. వాళ్ల భాష గేలిక్. మన చెంచులు తేనె కోసం దిగినట్టే, వాళ్లు తాళ్లు కట్టుకుని కొండ అంచుల్లో దిగి సముద్ర పక్షులను పట్టేవాళ్లు. భూస్వామికి కట్టే శిస్తులో ఈకలు కూడా ఉండేవి. పొద్దున్నే మగవాళ్లంతా కూడి ఆ రోజు పని ఏంటో మాట్లాడుకుని తేల్చుకునేవాళ్లు.

1851లో అక్కడ 110 మంది ఉన్నారు. 1852లో 36 మంది ఆస్ట్రేలియాకి ఓడ ఎక్కారు. అంటే మూడో వంతు జనం ఒక్కసారే పోయారు. ఓడలో తట్టులాంటి జబ్బులు వచ్చాయి. అలాంటివి ఎరగని ఒళ్లు వాళ్లవి, దాదాపు సగం మంది చనిపోయారు. 1861 నాటికి ఊళ్లో 78 మందే మిగిలారు.

మరి పిల్లలు పుట్టలేదా? పుట్టారు. కానీ సగానికి పైగా పసికందులు వారం పది రోజుల్లోనే పోయేవాళ్లు. అది ధనుర్వాతం. చాలామంది దేవుడి చిత్తం అనుకున్నారు. 1890 ప్రాంతంలో యాంగస్ ఫిడిస్ అనే పాస్టర్ గ్లాస్గో వెళ్లి పురుడు పోయడం నేర్చుకుని వచ్చాడు. క్రిములు చంపే మందుతో బొడ్డు శుభ్రం చేయించాడు. చావులు ఆగిపోయాయి. అన్నేళ్లు పిల్లల్ని చంపింది దీవి కాదన్నమాట, అందని వైద్యం.

ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆమెకి ఎనిమిది మంది పుడితే ముగ్గురే మిగిలారు. "గాలి సోకింది" అనేది.

ఆ మందు వచ్చేసరికే ఆలస్యమైంది. 1891లో 71 మందే ఉన్నారు. తర్వాత వయసు పిల్లలు ఒక్కొక్కరే బయటికి పోయారు. పడవ లాగడానికి, తాడు పట్టడానికి చేతులు చాలలేదు. చివరికి వాళ్లే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ దీవి వదిలేశారు. చెట్టే లేని దీవిలో పెరిగిన మగవాళ్లకి అడవి శాఖలో పని ఇచ్చారు!

ఊరు వాటంతట అదే ఖాళీ కాలేదు. ప్రతి అంకె వెనకా ఒక కారణం ఉంది. కొన్నిటిని ఆపగలిగేవాళ్లే.

నేనూ ఊరు వదిలి హాస్టల్‌కి వచ్చినవాడినే. అందుకే ఈ సెలవుల్లో మా గూడెం లెక్క రాస్తాను: ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, ఎందుకు. ముసలివాళ్లు ఉండగానే మీరూ అడిగి రాసిపెట్టండి. ఈసారి ఎవరైనా ఆ మాట అంటే జవాబు మన దగ్గర ఉండాలి.