శారదా లోయలో బాటలు, బరువులు, సైకిళ్ళు

తూర్పు కనుమలలో అనంతగిరి ప్రాంతమున జనించి, దేవరాపల్లి చెంత రైవాడ కడ మైదానమున అడుగిడి, చోడవరపు సీమను తడిపి, అనకాపల్లి మీదుగా సాగి బంగాళాఖాతమున కలియు శారదానది పొడవున గాని జలసమృద్ధియందు గాని గోదావరీకృష్ణలతో తులతూగునది కాకపోయినను, తన లోయలో నడచు మనుష్యులకు త్రోవను నిర్ణయించుటలో ఆ మహానదుల కంటె ఏమాత్రమును తక్కువది కాదు. కొండనుండి తీరమునకు దిగవలసినవాడును, తీరమునుండి కొండ కెక్కవలసినవాడును నదీరేఖనే అనుసరించిరి. ఎద్దును తోలినవాడు, బండి కట్టినవాడు, ఆ వెనుక సైకిలు తొక్కినవాడు అందరును ఆ రేఖనే పట్టుకొనిరి. నేడు విశాఖపట్టణమునుండి ఆదివారపు వేకువను బయలుదేరి, గేర్ల సైకిళ్ళపై ఈ కొండల వైపు సాగివచ్చు యువతీయువకులు తమ చక్రముల క్రింది దారి ఎవరి బరువు మోయుటకు, ఎవరి రెక్కల కష్టముచేత ఏర్పడినదో తెలిసికొనవలెనని నా కోరిక.

ఈ సీమలో రాజుల చరిత్రకు శాసనాధారములు లేకపోలేదు. వడ్డాదిని ఏలిన మత్స్యవంశీయులలో అర్జునుడను రాజు 1269లో ఇచ్చిన దిబ్బిడ తామ్రశాసనము చరిత్రకారు లెఱిగినదే; అటుపిమ్మట మాడుగుల జమీందారీ కథయు కాగితములకెక్కినది. బాటల కట్టి భాగ్యము పట్టలేదు. రాజులు వెళ్ళిన దారులకంటె ఉప్పు వెళ్ళిన దారులే ఇచ్చట పూర్వములని నా అభిప్రాయము. కొండల కావలనున్న జయపుర సంస్థానమున ఉప్పు పుట్టదు. తీరమున ఉప్పు కొఠారులలో రాశులుగా పడియుండును. మాసూళ్ళు ముగిసి నేల ఆరిన తరువాత, లంబాడీలు పెరికెటెద్దుల మందలపై ఉప్పు గోనెల నెక్కించి కనుమదారుల వెంట పైకి తోలుకొనిపోయి, తిరుగుదారిలో ధాన్యమును, చింతపండును, పసుపును, నూనెగింజలను దింపుకొనివచ్చెడివారు. తొలకరి పడెనా వాగులు పొంగి దారులు మూతపడును; మన్యపు జ్వరము కాపు కాయును. ఎద్దు కూడ పట్టని ఇరుకు త్రోవలలో కొండజనులు కావడి భుజమున వేసికొని, అడ్డాకులు, శీకాయ, తేనె, కొండచీపుళ్ళు మైదానపు సంతలకు దించి, ఉప్పును, గుడ్డను పట్టుకొని మరల ఎక్కెడివారు.

యాత్రికుల రచనలలో సయితము ఈ లోయ కానరాదు. 1830–31 సంవత్సరములలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుగు ప్రయాణమున విశాఖపట్టణ ప్రాంతము మీదుగానే దక్షిణమునకు మరలెను. ఆయన పల్లకి తీరమునకు సమీపమున సాగు రాజమార్గముననే నడచినది. పడమటి లోయలలోని కావడివానికి అంతటి పరిశీలకుడు లభింపకపోవుట మన సాహిత్యమునకు కలిగిన లోటుగా నేను భావించుచున్నాను.

పెరికెటెద్దు నిట్టనిలువు బాటను సయితము ఎక్కగలదు, బరువుబండి ఎక్కలేదు. కొండరోడ్డు వేయు ఇంజనీర్లు సాధారణముగా ఇరువది అడుగుల నడకకు ఒక అడుగు ఎత్తు అను వాలును ప్రమాణముగా గ్రహింతురు. అంతకు మించినచో కాడిక్రింది పశువు ఊపిరి అందక నిలిచిపోవును. దారికి మెలికలు పుట్టుటకు కారణ మిదియే: కొండను సూటిగా ఎక్క వీలులేక, వాలును పొడిగించుకొనుటకై దారి ఇటునుండి అటు తిరుగును. గరికబంద నుండి వంట్లమామిడి మీదుగా పాడేరు కెక్కు మార్గమున సైకిలు తొక్కువాడు ఏ మలుపు కడ ఊపిరి తీసికొనునో, ఆ మలుపు మొదట కాడి మోయు పశువు శక్తిని కొలిచి వేసిన లెక్కకు ఫలమే. పశువునకు, పెడలు త్రొక్కు మనుష్యునకు ఇంత సన్నిహితమైన బంధుత్వము మరియే వాహనము వలనను కలుగలేదు.

మైదానపు బండిదారులకు దిక్కు మారినది 1893లో. ఆ యేట తూర్పుతీరపు రైలుమార్గము తెరువబడి అనకాపల్లి స్టేషను ఏర్పడుటతో, లోయలోని చెరకుతోటలనుండి గానుగాడి, పెనములలో కాగి, దిమ్మలుగా పోయబడిన బెల్లము ఆ ఊరి మార్కెట్టునకే ప్రవహింప నారంభించెను. అంతకు పూర్వము భీమునిపట్టణపు రేవునకు గల ప్రాముఖ్యము క్రమముగా క్షీణించినది. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము ప్రారంభమైన పిదప మరియు సన్నగిల్లినది. అయినను భీమిలినుండి సబ్బవరము, చోడవరము, వడ్డాదుల మీదుగా నర్సీపట్టణము చేరు దారిని ప్రజలు నేటికిని బి.ఎన్. రోడ్డనియే పిలుచుచున్నారు. రేవు వైభవము పోయినను రోడ్డు పేరిట భీమిలి మొదటి అక్షరము నిలిచియున్నది.

కొండమీది రోడ్ల కథ వేరు. దానిని తేలికగా చెప్పి దాటరాదు. నర్సీపట్టణమునుండి లంబసింగి వైపు వేయించిన దారిలో గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను కొండజనులచేత అతి స్వల్పమైన కూలికి, బలవంతముగా, పని చేయించినాడు. పోడు వ్యవసాయముపై అటవీశాఖ విధించిన నిర్బంధములకు తోడుగా ఈ రోడ్డుపని పెట్టిన బాధయు అల్లూరి సీతారామరాజు తిరుగుబాటునకు కారణములలో నొకటి యైనది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై జరిగిన దాడితో ప్రారంభమై, 1924 మే 7న సీతారామరాజు మరణముతో ముగింపునకు వచ్చిన ఆ సంగ్రామమును మనము వీరగాథగా చెప్పుకొనుచున్నాము. అది రోడ్డు గాథ కూడ. కొండజనుల చేతులతో వేసిన దారి మొదట వారి యింటికి తెచ్చినది అధికారిని.

సైకిలు ఈ క్రమమున వచ్చినది. 1885లో ఇంగ్లండున స్టార్లీ రోవరు సైకిలును, 1888లో డన్‌లపు గాలిటైరును రూపొందించిన పిదప, గొలుసు చేత వెనుకచక్రము తిరుగు ఈ యంత్రము ప్రపంచమంతటను వ్యాపించినది. మన దేశమున అది చాలకాలము దిగుమతి సరుకు, ఉద్యోగి హోదా. స్వాతంత్ర్యానంతరము 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్సు, 1956లో లూధియానాలో హీరో సైకిల్సు స్థాపితము లగుటతో అది సామాన్యుని వాకిటికి చేరినది. బండి కట్టుటకు రెండెడ్లు, వానికి మేత, కొట్టము కావలయును. సైకిలునకు చారెడు నూనె, రెండు పంక్చరు ముక్కలు చాలును. ఈ లోయలో భూమి లేనివానికి కూడ స్వంతమైన మొదటి చక్ర మిదియే యని నేను నిస్సంకోచముగా చెప్పుదును. బడిపంతులు, తపాలా జవాను, పాలవాడు, గుడ్డల మూట క్యారియరుకు కట్టుకొని సంతనుండి సంతకు తిరుగు చిల్లర వర్తకుడు, వీరందరి నడకను అది మూడవవంతు కాలమునకు కుదించినది. స్వంతము కొనలేనివానికి గంటల లెక్కను అద్దె సైకిలుండెను. స్థానిక సంస్థలు దానిపై పన్ను విధించి బిళ్ళ నిచ్చెడివి. చీకటిలో దీపము లేక పోవుట నేరముగా నుండెడిది. ఎడ్లబండిపై విధించు పన్నును సైకిలుపై కూడ విధించిరన్న, ప్రభుత్వము దానిని వాహనముగా గౌరవించినట్లే గదా.

ఆ సైకిలు కొండకు పుట్టినది కాదు. ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, బరువైన ఇనుపచట్రము, చువ్వలతో లాగు బ్రేకులు, ఒకటే గేరు. ఫ్రాన్సులో 1910 నాటికే దేశము చుట్టు పందెమును పిరెనీసు పర్వతములపైకి ఎక్కించిరి. గేరు మార్చు సాధనముకొరకు పాల్ ద వివీ వంటి సైకిలు ప్రియుడు ఏండ్ల తరబడి వాదించెను. మనవాడు గేరు లేని లోపమును కాళ్ళతో పూరించెను: ఎక్కుడు వచ్చినచోట దిగి నెట్టును, దిగుడు వచ్చినచోట రబ్బరు కాలువరకు బ్రేకు పట్టును. అందుచేత అతడు ఎన్నుకొన్న దారులు ఒక విశేషమును చూపును. దేవరాపల్లినుండి చోడవరమునకు నదితోపాటు దిగు దారి; కె. కోటపాడు వైపు చేలనడుమ సాగు దారి. చీడికాడ మీదుగా మాడుగులకు కొండపాదము వెంట పోవు దారి, ఇవన్నియు ఎత్తును తప్పించుకొని కొండను పక్కన పెట్టుకొని నడచునవే. ఈ మూడవ దారియే అన్నిటికంటె సుందరమని నా మతము: కుడివైపున కనుమల శ్రేణి, ఎడమవైపున చెరకు, వరి, నడుమ నడుమ కొండలనుండి దిగు బొడ్డేరు వంటి ఏరులు. మాడుగుల చేరినవానికి అచ్చటి ప్రసిద్ధమైన హల్వా ఉండనే యున్నది.

దేవరాపల్లి పైభాగమున గత శతాబ్ది ఉత్తరార్ధమున శారదకు కట్టిన రైవాడ జలాశయము లోయ రూపమునే మార్చినది. సుమారు 15 వేల ఎకరముల ఆయకట్టునకై తలపెట్టిన ఆ నీటిలో భాగము కాలువ వెంట విశాఖపట్టణమునకు పోవుచుండుటచేత, అది పూర్తిగా తమకే చెందవలెనని రైతులు చిరకాలముగా కోరుచున్నారు. వారి కోరిక న్యాయమైనది. పూర్వము ఈ లోయనుండి పట్టణమునకు బెల్లము, చింతపండు దిగెడివి. నేడు నీరు దిగుచున్నది. పట్టణము నుండి పైకి వచ్చునది సైకిలుపై విహారి. పరిపాలనలో మాత్రము 2022 ఏప్రిలు 4న దేవరాపల్లి ఆ పట్టణపు జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాకు చేరినది.

జలాశయము దాటిన తరువాత దారి చిక్కబడును. అనంతగిరి మండలమున పినకోట, జీనబాడు వైపు గల కొండపల్లెలనుండి నిండుగర్భిణులను, జబ్బుపడినవారిని డోలీలలో మోసికొని దింపుట నిన్నమొన్నటి వరకును వార్తలలో చదువుచునే యున్నాము. ఆ దిశనే యున్న సరియా జలపాతమును చూడబోవు విహారికి రాళ్ళదారి సాహసము. డోలీ మోయువానికి అది ప్రాణసంకటము. ఈ రెండవవాని కొరకే అచ్చట రోడ్డు పడవలెను, అదియును న్యాయమైన కూలితో. ఆ దారిని గీయబూనిన ఇంజనీరు ముందుగా సంతకు దిగివచ్చు కావడివారిని విచారింపవలెను. ఆషాఢమున ఏ వాగు ఎంత ఎత్తు పొంగునో, ఏ చరియ విరిగిపడునో, బరువుతో ఎక్కువాడు ఎచ్చట ఆగునో వారికి తెలిసినంతగా ఏ పటమునకును తెలియదు.