ఊరి పుట్టుపూర్వోత్తరాలు అడిగినవాళ్ళు

పందొమ్మిదో శతాబ్దం మొదటి ఇరవై ఏళ్ళలో మన ఊళ్ళకు ఒక కొత్త రకం బాటసారులు వచ్చారు. వాళ్ళు శిస్తు వసూలుకు రాలేదు, తీర్థయాత్రకూ రాలేదు. కరణాన్ని పిలిపించి ఈ ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఏ ప్రభువు ఇచ్చాడు, ఊరు పుట్టకముందు ఇక్కడ ఏముండేది అని అడిగారు. చెప్పింది రాసుకున్నారు, రాతి మీద ఉన్నదానికి నకలు తీసుకున్నారు. అలా తయారైన కాగితాలే కైఫియత్తులు. వీటిని మెకంజీ సేకరించాడని మన పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. కాలిన్ మెకంజీ చేయించాడన్నది నిజమే. అయితే దేశభాషలు తనకు పట్టుబడలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఊరూరా తిరిగి అడిగినవాళ్ళు ఏలూరుకు చెందిన కావలి సోదరులు, వాళ్ళ చేతికింద పనిచేసిన మనుషులు. ఒకరి భాష ఒకరికి, ఒకరి దేవుళ్ళు ఒకరికి, ఒకరి తిండి ఒకరికి పడని ఈ మనుషులు పాతికేళ్ళు కలిసి ఒకే పని ఎలా చేయగలిగారన్నది అడగవలసిన ప్రశ్న. పరస్పర ప్రేమ, ఉదార హృదయం లాంటి జవాబులు నాకు రుచించవు. ఒకే ప్రశ్న అడిగే అలవాటు ఆ రెండు లోకాల్లోనూ, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ముందే ఉంది. ప్రయాణం ఆ రెండు అలవాట్లనూ ఒక చోట కలిపింది. వాళ్ళకు దొరికిన ఉమ్మడి నేల అదేనని నా వాదన.

మెకంజీ 1754లో స్కాట్లండు పడమటి సముద్రంలోని లూయిస్ ద్వీపంలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్ళో పుట్టాడు. కుర్రతనంలో అక్కడే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. లాగరిథమ్‌లు కనిపెట్టిన జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయిస్తున్న ఒక ప్రభువు కోసం హిందూ గణితం గురించి వివరాలు పోగుచేయడంతో ఆయనకు ఈ దేశం మీద ఆసక్తి పుట్టిందంటారు. 1783లో ఈస్టిండియా కుంఫిణీ సైన్యంలో ఇంజనీరుగా మద్రాసు చేరాడు. ఆ తర్వాత పదమూడేళ్ళు గుంటూరు సీమలో, నిజాం రాజ్యంలో సర్వేలతో, టిప్పు మీది యుద్ధంతో గడిచాయి. 1794లో శ్రీశైలం చూసి ఆ క్షేత్రం గురించి ఒక వ్యాసం కూడా రాశాడు. అంత తిరిగినా తనకు ఏమీ తెలియలేదని ఆయన తర్వాత బాధపడ్డాడు. కొండలు, వాగులు, కోటలు పటం మీదికి ఎక్కాయి. అక్కడి మనుషులు మాత్రం అందులో లేరు. 1796లో సింహళం నుంచి తిరిగొచ్చాక కావలి వెంకట బొర్రయ్య పరిచయమయ్యాడు. అప్పటికి బొర్రయ్యకు ఇరవై ఏళ్ళు. భారతదేశ విద్యల గడప లోపలికి తన మొదటి అడుగు ఆ పరిచయంతోనే పడిందని మెకంజీ 1817లో ఒక లేఖలో రాసుకున్నాడు. అప్పటికి బొర్రయ్య పోయి పద్నాలుగేళ్ళు.

బొర్రయ్య దొరసానుల దగ్గర మర్యాదలు నేర్చుకున్న దుబాసీ కాడు. అతను పుట్టింది నియోగి బ్రాహ్మణుల ఇంట. ఆ ఇళ్ళకు గోలకొండ సుల్తానుల కాలం నుంచి, అంతకుముందు నుంచీ, కాగితమే జీవనం. కరణం దగ్గర దండకవిలె ఉండేది. అందులో పొలాల హద్దులు, మాన్యాల వివరాలు, ఊరిని ఏలిన ప్రభువుల వరస, ఏ సంవత్సరం కరువు వచ్చింది, ఏ సంవత్సరం కట్ట తెగింది అన్నీ ఉండేవి. మిరాశీ తగాదా వస్తే తాతల నాటి సనదు తీసి చదివి ఇది అసలా, దొంగ కాగితమా అని తేల్చవలసింది వాళ్ళే. అందుకు పాత లిపి తెలియాలి, పాత రాజుల వరస తెలియాలి, శకసంవత్సరానికీ ఆ ఏడాది పేరుకూ పొంతన కుదిరిందో లేదో లెక్క కట్టాలి. శాసనాన్ని చరిత్రకు ఆధారంగా చదివే పద్ధతి ఐరోపా నుంచి దిగుమతైందని మనం చాలాకాలం నమ్మాం. కుంఫిణీ రాకముందే ఈ పనితనం నియోగుల చేతిలో ఉందనీ, మెకంజీ శాసనాల వేటకు బలం ఇక్కడినుంచే వచ్చిందనీ ఫిలిప్ వాగనర్ 2003లో రాసిన వ్యాసంలో చూపించాడు. ఆ మాట సబబుగానే ఉంది. హద్దురాయి ఎక్కడుందో చూసి, దాన్ని ఎవరు పాతారని అడగడం సర్వేయరు వృత్తి; కరణం వృత్తీ అదే. ఒకరు సుంకాల లెక్కల నుంచి, మరొకరు కవిలె కట్టల నుంచి వచ్చి ఒకే గట్టు మీద నిలబడ్డారు. స్నేహం ఆ తర్వాతి మాట.

అలాగని అంతా వృత్తి అవసరమే అనుకుంటే బొర్రయ్య చేసిన ఒక పని అర్థం కాదు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మెకంజీకి మైసూరు సర్వే అప్పగించారు. ఆ తిరుగుళ్ళలో బొర్రయ్య ముద్గేరి అనే చోట ఒక జైన గురువు దగ్గర కూర్చుని, జైనుల ఆచారం, వాళ్ళ లోకకల్పన, కాలగణన, సన్యాస నియమాలు అడిగి తెలుసుకుని రాశాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ప్రచురించే ఏషియాటిక్ రీసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో అతని పేరుతోనే అచ్చయింది. జైనులు బౌద్ధుల్లో ఒక శాఖ అని ఐరోపా పండితులు చాలామంది అనుకుంటున్న రోజులవి. ఇక బ్రాహ్మణుల సంగతి చెప్పనే అక్కర్లేదు. జైనుడంటే వాదంలో ఓడించవలసినవాడు, పురాణంలో శిక్ష పడవలసినవాడు. అటువంటి ఇంటినుంచి వచ్చిన యువకుడు ఎదుటివాడి మతాన్ని ఎదుటివాడి నోటితోనే చెప్పించి, మధ్యలో ఖండన చొప్పించకుండా రాసిపెట్టడం చిన్న విషయం కాదు. ఈ కథలో తెల్లవాడికీ నల్లవాడికీ మధ్య దూరం గురించే అందరూ మాట్లాడతారు. ఏలూరు నియోగికీ కన్నడ జైనుడికీ మధ్య దూరం దానికి తీసిపోయేది కాదని నా లెక్క. తర్వాత ధర్మయ్య అనే జైన పండితుడు ఈ బృందంలోనే కొలువు కుదిరాడు. 1816లో థామస్ హికీ వేసిన మెకంజీ వర్ణచిత్రంలో తాటాకు గ్రంథం పట్టుకుని నిలబడ్డది అతనే అంటారు. బొర్రయ్య 1803లో, ముప్పై నిండకుండానే చనిపోయాడు. తమ్ముడు వెంకట లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. నారాయణరావు, ఆనందరావు, నిట్టల నాయన వంటివాళ్ళు జిల్లాలు పంచుకుని తిరిగారు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇదంతా రాజ్యం కోసం చేసిన పని కదా, యుద్ధంలో గెలిచినవాడు గెలుచుకున్న నేల గురించి తెలుసుకోవడాన్ని కుతూహలం అనొచ్చా? బెర్నార్డ్ కోన్, నికొలస్ డర్క్స్ వంటి చరిత్రకారులు ఈ ప్రశ్నను గట్టిగానే వేశారు. ఊళ్ళ జనానికీ అదే అనుమానం కలిగింది. 1800లో నిజాం నుంచి దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చాయి. మన్రో దొర పాలెగాళ్ళను అణచివేస్తూ, ఇనాములు విచారిస్తూ ఉన్న కాలంలో సర్కారు మనిషి వచ్చి మీ మాన్యం సనదు చూపించమంటే ఎవరు చూపిస్తారు? దాచారు. తప్పించుకున్నారు. రేపు రమ్మన్నారు. గుమాస్తాలు పంపిన నివేదికల నిండా ఈ గోడే. ఈ భయం అకారణమని నేననను. కొలత గొలుసు ముందు నడిస్తే శిస్తు వెనకే వస్తుందని రైతుకు అనుభవం మీద తెలుసు.

అయినా పోగైన సరుకు ఏమిటో చూస్తే ఆ వాదన సగమే నిలుస్తుంది. అమరావతి సంగతి తీసుకోండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కడుతూ దిబ్బలోంచి రాళ్ళు తీయిస్తున్నాడని తెలిసి మెకంజీ 1790ల చివర్లో ఒకసారి వెళ్ళి చూశాడు. 1816లో చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళి, ఆ రాళ్ళ మీది బౌద్ధ శిల్పాలను ఒక్కొక్కటిగా గీయించాడు. వాటిలో కొన్ని తర్వాత కనిపించకుండా పోయాయి, బొమ్మలే మిగిలాయి. బుద్ధుడి పాదాల బొమ్మతో ఏ కలెక్టరు శిస్తు కట్టగలడు? చెరువు కట్టకు బలి ఇచ్చిన కథ, ఫలానా రాజు కలలో కనిపించిన దేవత, ఇవేవీ జమాబందీకి పనికొచ్చేవి కావు. కుంఫిణీ సర్వేకు డబ్బిచ్చింది గాని చరిత్ర వేటకు పెద్దగా ఇవ్వలేదు. అందులో అధికభాగం మెకంజీ తన చేతి డబ్బు పెట్టుకున్నాడు. మరో సంగతి కూడా ఉంది. కైఫియత్తు చెప్పినవాడు నోరులేని సాక్షి కాడు. జమీ పోయిన పాలెగాడి వంశంవాళ్ళు తమ వంశావళిని శ్రద్ధగా రాయించి ఇచ్చారు. గుడి స్థానాచార్యులు మాన్యాల జాబితా విడవకుండా చెప్పారు. ఈ కాగితం రేపు ఏ కచేరీలోనో అక్కరకు రావచ్చని వాళ్ళ ఆశ. అడిగినవాడికి ఒక అవసరం, చెప్పినవాడికి మరో అవసరం, మధ్యలో రాసినవాడికి తన విద్య మీద అభిమానం. ఈ మూడూ కలిసిన చోట తయారైన రాతను ఒక్క రాజ్యం ఖాతాలో జమకట్టడం ఊళ్ళవాళ్ళ తెలివిని తక్కువ చేయడమే.

కైఫియత్తులు చరిత్రే కావనీ, కట్టుకథలనీ ఇంకో అభ్యంతరం. ముక్కంటి కాడువెట్టి పేరు ఎన్ని ఊళ్ళ కైఫియత్తుల్లో వస్తుందో లెక్కలేదు. కాశీ నుంచి బ్రాహ్మణులను తెచ్చి అగ్రహారాలిచ్చింది ఆయనే, అడవి నరికించింది ఆయనే. శకసంవత్సరాలు తారుమారవుతాయి. కాకతి ప్రతాపరుద్రుడు తన కాలానికి చాలా ముందూ చాలా వెనకా కనిపిస్తాడు. అది నిజమే. కాని అదే కైఫియత్తు విజయనగరం కాలానికి వచ్చేసరికి శాసనం చూసి మాట్లాడుతుంది, గోలకొండ కాలానికి వచ్చేసరికి అమీనుల పేర్లు, గుత్తల లెక్కలు వరసగా చెబుతుంది. ఎక్కడ విన్నది రాస్తున్నాడో, ఎక్కడ కాగితం ముందు పెట్టుకుని రాస్తున్నాడో చదివేవాడికి తెలిసిపోతుంది. పైగా ఆ వచనం ఎవరో కవి దిద్దింది కాదు. కరణం నోటి తెలుగు, పారసీ మాటలతో సహా, యథాతథంగా కాగితం మీదికి వచ్చింది. ఆ రోజుల వాడుక భాష కోసం వెతికేవాళ్ళకు అదొక్కటే చాలు.

నా వాదనకు నిజంగా ఇబ్బంది కలిగించేది 1821 తర్వాతి కథ. ఆ ఏడు మే నెలలో మెకంజీ కలకత్తాలో చనిపోయాడు. అప్పటికి ఆరేళ్ళుగా ఆయన మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్. ఆయన భార్య దగ్గర కుంఫిణీ ఆ సేకరణను లక్ష రూపాయలకు కొంది. హోరేస్ హేమన్ విల్సన్ 1828లో వేసిన పట్టికలో 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు లెక్కకొచ్చాయి. ఆ పట్టిక తయారవడానికి ఆధారం లక్ష్మయ్య, ఇతర పండితులు చేసిపెట్టిన వివరణలే. మిగిలిన పని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. మద్రాసులో దేశీయుల సాహిత్య సంఘం ఒకటి స్థాపించి, దాని ద్వారా జిల్లాలకు మనుషులను పంపుతానన్నాడు. అర్జీ ఏషియాటిక్ సొసైటీకి చేరింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని తోసిపుచ్చాడు. అంత పెద్ద పనికి చిన్న వివరాల్లోంచి పెద్ద సిద్ధాంతం తీయగల యజమాని బుర్ర కావాలనీ, అది ఈ దేశస్థుడికి అలవడలేదనీ ఆ తీర్పు సారాంశం. రాతప్రతుల పని విలియం టేలర్ అనే మిషనరీకి అప్పగించారు. నలభై ఏళ్ళ అనుభవమున్న మనిషిని కాదని, అప్పుడే చేతులు పెట్టినవాడికి ఇచ్చారన్నమాట. అశోకుడి లిపి చదివిన ప్రిన్సెప్‌కు ఈ అన్యాయం కనబడలేదంటే ఏమనాలి? బొర్రయ్యకూ మెకంజీకీ మధ్య ఏర్పడ్డ నేల ఇద్దరు మనుషుల మధ్యది. ఏ సంస్థ దాన్ని తనదిగా ఒప్పుకోలేదు. ఈ ఓటమిని నేను తగ్గించి చెప్పను. అయితే దానివల్ల ముందు జరిగింది అబద్ధమైపోదు. యజమాని పోయిన పదిహేనేళ్ళకు కూడా ఆ పని కోసం అర్జీలు పెట్టుకున్న లక్ష్మయ్యను కూలికి పనిచేసిన గుమాస్తా అనడం మాత్రం కుదరదు.

మూడో సోదరుడు వెంకట రామస్వామి దారి వేరు. అతను ఇంగ్లీషులోనే రచయిత అయ్యాడు. 1829లో దక్కను కవుల చరిత్రలు అచ్చువేశాడు, తర్వాత పాకశాస్త్రం మీద కూడా ఒక పుస్తకం తెచ్చాడు. అంతకుముందే అతను ఇంగ్లీషు చేసిన గ్రంథం వేంకటాధ్వరి విశ్వగుణాదర్శం. పదిహేడో శతాబ్దపు ఆ సంస్కృత కావ్యంలో ఇద్దరు గంధర్వులు విమానమెక్కి దేశమంతా చూస్తారు. కృశానువు ప్రతి ఊళ్ళోనూ తప్పులు పడతాడు, విశ్వావసువు ఆ ఊళ్ళోనే మంచి చూపిస్తాడు. చెన్నపట్నం మీదుగా పోతూ తెల్లవాళ్ళ గురించి కూడా ఇద్దరూ వాదించుకుంటారు. దొరల దగ్గర పెరిగిన కావలి సోదరుడు దొరల చేత చదివించడానికి ఈ పుస్తకాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఇందులో ఎవరెవరు లేరో కూడా చెప్పాలి. అడిగినవాళ్ళు దాదాపు అందరూ పై కులాల మగవాళ్ళు, చెప్పినవాళ్ళలోనూ అత్యధికులు కరణాలు, రెడ్లు, అర్చకులు. చెరువు తవ్వినవాళ్ళ పేర్లు తవ్వించినవాళ్ళ పేర్ల వెనక పడిపోయాయి; ఆడవాళ్ళు దేవతలుగానో సతులుగానో వస్తారు తప్ప మాట చెప్పినవాళ్ళుగా కనబడరు. అడిగే అలవాటు రెండు లోకాల్లోనూ ఉందన్నాను. ఎవరిని అడగాలన్న విషయంలో ఆ రెండు లోకాల అంధత్వం కూడా ఒకటే. ఆ కైఫియత్తులు మద్రాసులో చెదలు పడుతుంటే సి.పి. బ్రౌన్ తన డబ్బుతో మళ్ళీ నకళ్ళు రాయించాడు. అవి ఇప్పటికీ చెన్నై ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడపలో బ్రౌన్ పేరుతో ఉన్న భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. తమ ఊరు పేరు ఎక్కడుందా అని వాటిని తిరగేసేవాళ్ళలో కరణాల మునిమనవలు ఉన్నారు, ఆ కరణాలు ఊరి చరిత్రలో చోటివ్వని ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. రెండోవాళ్ళు అడిగే ప్రశ్నలు లక్ష్మయ్య జాబితాలో లేనివి.