చెరకు తోట నుంచి జీవకణం దాకా

మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ చేరిన సంగతి మన ఇళ్ళలో పెద్దలందరికీ విదితమే. ఆనాటి నుంచి 1911 వరకు సాగిన కూలివలసలో తెలుగు జిల్లాల కుటుంబాలు ఎన్నో నేటాల్ చెరకు తోటలకు వచ్చాయి. వారు నరికిన చెరకు పంచదార అయి దేశదేశాలకు పోయింది. ఆ పంచదార మనిషి ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికిన మహనీయులలో ఒక తెలుగువాడు ఉన్నాడని మన పిల్లలలో ఎందరికి తెలుసు?

మనం తినే అన్నం, రొట్టె, మొక్కజొన్న పిండి అన్నీ పిండిపదార్థాలే. అవి పేగులలో జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. వెంటనే అవసరం లేని గ్లూకోజులో కొంత కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజన్ రూపంలో నిలవ ఉంటుంది. గాదెలో ధాన్యం వంటిదన్నమాట. ఈ గ్లైకోజన్‌ను కాలేయం నుంచి 1857లో వేరుచేసి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్.

అయితే గాదెలో గింజ ఉన్నంత మాత్రాన కడుపు నిండదు గదా! గ్లూకోజులోని శక్తి కండరానికి ఎలా అందుతుంది? కండరాలపై పరిశోధనలకు హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. గ్లైకోజన్ నుంచి పుట్టే లాక్టిక్ ఆమ్లమే కండరాన్ని ముడుచుకునేలా చేస్తుందని ఆనాటి నమ్మకం.

1895లో భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేసుకుంటూ హార్వర్డులో చదువు సాగించారు. ఆచార్య సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోను మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ కొలతే కొత్త దారి చూపింది. 1927లో వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం పనిచేస్తే అది తరిగిపోతుంది, విశ్రమిస్తే తిరిగి నిండుతుంది. 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వారు అమెరికాలోను, కార్ల్ లోమన్ జర్మనీలోను విడివిడిగా కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లం పుట్టకపోయినా కండరం ముడుచుకోగలదని మరుసటి ఏడే లుండ్స్‌గార్డ్ నిరూపించాడు. పాత నమ్మకం కూలిపోయింది.

జీవకణంలో గ్లూకోజు మెట్టుమెట్టుగా విడిపోతుంది. తొలి మెట్లకు ప్రాణవాయువు అవసరం లేదు. తరువాతి మెట్లు ప్రాణవాయువు సాయంతో మైటోకాండ్రియాలలో జరుగుతాయి. చివరకు మిగిలేవి బొగ్గుపులుసు వాయువు, నీరు. ఈ క్రమంలో వెలువడిన శక్తిలో కొంత వేడిగా పోగా, కొంత ఎ.టి.పి.గా నిలుస్తుంది. ఇదే కణానికి చెల్లుబడి అయ్యే నాణెం. ఈ సంగతిని 1941లో లిప్మన్ స్పష్టంగా వివరించాడు. ఒంట్లో ఈ నాణేలు ఒక్కసారిగా చూస్తే కొద్దిపాటివే. క్షణక్షణం ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటాయి.

సుబ్బారావుగారు తరువాత ఫోలిక్ ఆమ్లం మొదలైన మందుల పరిశోధనకు నాయకత్వం వహించి, 1948లో న్యూయార్కులో కన్నుమూశారు. తిరిగి స్వదేశం చూడనే లేదు. మన తాతముత్తాతలలో కూడా అలా తిరిగి వెళ్ళలేకపోయినవారు ఎందరో!

ఈ చరిత్ర మనకెందుకని అడగవచ్చు. మన పెద్దలు పొద్దు పొడిచింది మొదలు కత్తి పట్టి చెరకు నరికేవారు. తిన్న అన్నం చెమటగా కరిగేది. పనిచేసే కండరం ఇన్సులిన్‌పై అంతగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. మనం కుర్చీలలో కూర్చున్నాం, కాని కంచంలో అన్నం కుప్ప తగ్గలేదు, మిఠాయిలు పెరిగాయి. చెరకు నరికిన వారి మనుమలనే నేడు చక్కెర వ్యాధి వేధిస్తోంది.

పండుగనాడు బూరెలు వద్దని ఎవరంటారు? తినండి, పిల్లలకు పెట్టండి. తిన్నాక మాత్రం వారి చేయి పట్టుకుని కాసేపు నడవండి. నడుస్తూ, ఆ ఓడ కథతో పాటు ఈ భీమవరం డాక్టరు కథ కూడా చెప్పండి.