సంసారపక్షపు కారు పందెంలోకి దిగిన కథ

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ మధ్యతరగతి ఇళ్ళ ముందు నిలిచినవి మోరిస్ మైనర్, ఆస్టిన్ ఏ30, ఫోర్డ్ ఆంగ్లియా వంటి బుద్ధిమంతపు కార్లు. ఆఫీసుకు, బజారుకు, వేసవిలో సముద్రతీరానికి ఇంటిల్లిపాదినీ మోయడమే వాటి పని. పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ తరగతి కార్లే అంతర్జాతీయ ర్యాలీలు గెలిచాయి. ఈ మార్పుకు పెద్ద కంపెనీలకంటే ముందు పూనుకున్నవి చిన్న చిన్న వర్క్‌షాపులు.

ఆ బుద్ధిమంతపు కార్ల ఇంజన్ల నీరసానికి సగం కారణం పన్ను, సగం పెట్రోలు. యుద్ధానికి ముందు బ్రిటన్‌లో కారు పన్నును సిలిండర్ల సంఖ్యను, వ్యాసాన్ని బట్టి కట్టేవారు. పిస్టన్ ఎంత దూరం కదులుతుందో ఆ లెక్కలోకి రాదు. అందుకే తయారీదారులు సిలిండర్‌ను సన్నగా, పొడవుగా చేశారు. సన్నటి సిలిండర్‌లో పెద్ద వాల్వులకు చోటు దొరకదు. వేగం పెరిగేకొద్దీ ఇంజన్‌కు ఊపిరాడదు. 1948లో పన్ను ఏడాదికి 10 పౌండ్లు చొప్పున ఒకటే రేటయినా పాత డిజైన్లు వెంటనే పోలేదు. పెట్రోలు సంగతీ అంతే. యుద్ధకాలంలో మొదలైన ‘పూల్’ అనే ఒకే నాసిరకం పెట్రోలు 1953 దాకా కొనసాగింది. దానితో కంప్రెషన్ (మండే ముందు మిశ్రమాన్ని నొక్కే తీవ్రత) పెంచితే ఇంజన్ టకటకమని కొట్టుకునేది. బ్రాండ్ల పెట్రోలు మళ్ళీ బంకుల్లోకి వచ్చాకే ఆ వర్క్‌షాపుల్లో ఇంజన్‌కు పదును పెట్టే ట్యూనర్లకు చేతినిండా పని దొరికింది.

తొలి తరం ట్యూనర్లు ఫోర్డ్ 1172 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్ మీద పనితనం సాధించారు. ఆక్వాప్లేన్ సంస్థ దానికి అల్యూమినియం హెడ్లు (సిలిండర్ల పై మూతలు), జంట కార్బ్యురేటర్లకు సరిపడే మానిఫోల్డులు అమ్మింది. పాత ఫోర్డుల ముందు యాక్సిల్‌ను లెస్లీ బ్యాలమీ రెండుగా విడగొట్టి, చక్రాలు విడివిడిగా ఆడేలా చేశాడు. 1957లో స్పీడ్‌వెల్ అనే ట్యూనింగ్ సంస్థ పుట్టింది. దాని నిర్వాహకుల్లో ఒకడైన గ్రాహం హిల్ తర్వాత ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. బకింగ్‌హామ్‌షైర్‌లో అలెగ్జాండర్ సంస్థ, విల్ట్‌షైర్‌లోని డౌన్‌టన్ గ్రామంలో డేనియల్ రిచ్‌మండ్ ఇదే దారి పట్టారు.

వీరికి కల్పవృక్షంలా దొరికింది ఆస్టిన్‌వారి ఏ-సిరీస్ ఇంజన్. 1951లో 803 సీసీతో మొదలైన దాని దహన గదిని హ్యారీ వెస్లేక్ హృదయాకారంలో రూపొందించాడు. అయితే నాలుగు సిలిండర్లకూ కలిపి గాలి పీల్చే దారులు (పోర్టులు) రెండే. ట్యూనర్ ముందుగా హెడ్ విప్పి అడుగు ముఖాన్ని సన్నగా చెక్కించేవాడు. గది చిన్నదై కంప్రెషన్ పెరిగేది. తర్వాత ఆ దారుల్లో పోతపోసినప్పటి గరుకును అరగదీసి, మలుపులు సాఫీ చేసి, పెద్ద వాల్వులు, గట్టి స్ప్రింగులు బిగించేవాడు. పైన రెండు ఎస్‌యూ కార్బ్యురేటర్లు పెట్టేవాడు. ఆ రెండూ సమంగా పీలుస్తున్నాయో లేదో తేల్చుకోవడానికి ఒక రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బ్యురేటర్ నోటి దగ్గర పెట్టి, రెండింటి బుసా ఒకేలా వినిపించేదాకా స్క్రూలు తిప్పేవారు. ఆపైన కార్బ్యురేటర్‌లోని పిస్టన్‌ను కింది పిన్నుతో రవ్వంత ఎత్తేవారు. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ అని అర్థం.

ఈ పనితనానికి పరీక్ష రేసు ట్రాకుల మీద జరిగింది. 1958లో మొదలైన బ్రిటిష్ సెలూన్ కార్ చాంపియన్‌షిప్‌లో జాక్ సియర్స్, టామీ సోప్‌విత్ పాయింట్లలో సమానంగా నిలిచారు. విజేతను తేల్చడానికి బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లో ఒకే రకం రైలీ 1.5 కార్లు రెండు ఇచ్చి, మధ్యలో కార్లు మార్పించి పోటీ పెట్టారు. సియర్స్ 1.6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ రైలీలో ఉన్నది 1489 సీసీ బి-సిరీస్ ఇంజన్, జంట కార్బ్యురేటర్లతో. అదే కుటుంబపు 1489 సీసీ ఇంజన్ ఒంటి కార్బ్యురేటర్‌తో మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచింది. విజయవాడలో, వరంగల్‌లో పెళ్ళివారిని మోసిన కారుకు పందెపు చుట్టరికం ఉందన్నమాట.

త్వరలోనే కంపెనీలు మేలుకున్నాయి. ఫోర్డ్ 1959లో ఆంగ్లియా 105ఈకి ఇచ్చిన 997 సీసీ ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం సుమారు 81 మి.మీ., స్ట్రోక్ 48 మి.మీ. మాత్రమే. పాత పన్ను నీడ పోయింది. 1961లో రేసు కార్ల తయారీదారు జాన్ కూపర్ ప్రోద్బలంతో బీఎంసీ (ఆస్టిన్, మోరిస్ కలిసిన కంపెనీ) నుంచి మినీ కూపర్ వచ్చింది. మామూలు మినీ 34 హార్స్‌పవర్ ఇస్తే ఇది 55 ఇచ్చింది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులూ వచ్చాయి. 1071 సీసీ కూపర్ ఎస్‌తో ప్యాడీ హాప్‌కిర్క్ 1964లో మాంటీ కార్లో ర్యాలీ గెలిచాడు. అదే ఏడాది లోటస్ కార్టినాతో జిమ్ క్లార్క్ సెలూన్ చాంపియన్ అయ్యాడు. అబింగ్డన్‌లో బీఎంసీ తన సొంత స్పెషల్ ట్యూనింగ్ విభాగాన్నే నడిపింది.

వర్క్‌షాపుల గిరాకీకి గండి పడింది ఇక్కడే. పోర్టులు అరగదీయించే బదులు కంపెనీయే ట్యూన్ చేసి జీటీ బ్యాడ్జి తగిలించిన కారును షోరూమ్‌లో కొనుక్కోవచ్చు, పైగా గ్యారంటీ కూడా. 1965 చివర్లో 70 మైళ్ళ వేగ పరిమితి, 1973లో చమురు సంక్షోభం తోడయ్యాయి. అయినా ట్యూనర్ జార్జ్ బెవన్ సిద్ధం చేసిన చిన్న ఇంప్ కారుతో బిల్ మెక్‌గవర్న్ 1970 నుంచి వరసగా మూడేళ్ళు సెలూన్ చాంపియన్ అయ్యాడు. వర్క్‌షాపు తెలివికి కాలం చెల్లలేదని ఆ గెలుపులు రుజువు చేశాయి.

ఈ చరిత్రలో కొత్తగా కనిపెట్టింది తక్కువ. ట్యూనర్లు చేసిందల్లా పన్ను, పొదుపు, నాసి పెట్రోలు కలిసి ఇంజన్‌కు పెట్టిన అడ్డుకట్టలను ఒక్కొక్కటిగా తీసేయడమే. కంపెనీలు తర్వాత అమ్ముకున్న జీటీలు, కూపర్లు ఆ అనుభవం మీద నిలిచినవే. ఇవాళ గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత కార్ల పందేల వేడుకలో 1950లు, 60ల సెలూన్ కార్లకు ప్రత్యేకంగా సెయింట్ మేరీస్ ట్రోఫీ పందెం నడుస్తోంది. చూసే అవకాశం వస్తే ముందు వరస కార్ల బానెట్ కింద ఏముందో కూడా అడిగి తెలుసుకోండి.