టాక్సీలో పుట్టిన అంకె

"సైన్సు చెప్పింది" అనగానే ఇక ప్రశ్నించకూడదు అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. పంచాంగంలో ఉన్నదాన్ని గుడ్డిగా నమ్మొద్దని ఊరంతా చెప్పే మనం, ప్రభుత్వ పట్టికలో దశాంశ బిందువుతో అంకె కనపడితే చేతులు కట్టుకు నిలబడతాం. నేను బి.కాం. చదివి డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి. కెమిస్ట్రీ నా సబ్జెక్టు కాదు. కానీ ఏ అంకె కనపడినా "దీనికి వోచర్ ఏది? శాంక్షన్ ఎవరిచ్చారు?" అని అడగడమే సర్వీసంతా నేను చేసిన పని. ఫ్యాక్టరీ గాలికి సంబంధించిన ఒక అంకెను అలాగే అడిగి చూద్దాం.

ప్రమాదకర పదార్థాలతో పని జరిగేచోట గాలిలో అవి ఎంతవరకు ఉండొచ్చో చట్టం హద్దు పెడుతుంది. ఎనిమిది గంటల పనికి సగటు తీసి, ఘనపు మీటరు గాలిలో ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు. లాబొరేటరీలో ఏళ్ళ తరబడి కొలిచి తేల్చారనిపిస్తుంది. కొన్నింటి విషయంలో అది నిజమే. బెరీలియం కథ వేరు.

బెరీలియం చాలా తేలికైన లోహం. మన నెల్లూరు ప్రాంతపు అభ్రకం గనుల్లో దొరికే బెరిల్ రాయిలో ఉండేది ఇదే. అణ్వాయుధాలకు కావాలి, 1940లలో ట్యూబులైట్ల లోపలి పూతలోనూ వాడేవారు. 1943లో అమెరికా ప్రజారోగ్య సర్వీసు నివేదిక ఒకటి, బెరీలియం స్వతహాగా విషం కాదని తేల్చేసింది. మూడేళ్ళు తిరిగేసరికి, 1946లో, మసాచుసెట్స్ ట్యూబులైట్ల కార్మికుల్లో 17 మందికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బును డాక్టర్ హ్యారియెట్ హార్డీ, ఆమె సహచరుడు ప్రకటించారు. తర్వాత ఒహాయోలోని లొరెయిన్‌లో, ఫ్యాక్టరీలో ఎన్నడూ అడుగుపెట్టని ఇరుగుపొరుగు వాళ్ళకు కూడా అదే జబ్బు కనపడింది.

బాంబులు చేయించే అమెరికా అణుశక్తి కమిషన్‌కు వెంటనే ఒక హద్దు కావలసి వచ్చింది. 1948లో కమిషన్ అధికారి మెరిల్ ఐసెన్‌బడ్, సలహాదారు డాక్టర్ విల్లార్డ్ మాకిల్ ఒక మీటింగుకు టాక్సీలో వెళ్తూ లెక్క వేశారు. సీసం, పాదరసం వంటి బరువు లోహాలకు అప్పటి హద్దు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు. వాటి పరమాణు భారం సుమారు 200, బెరీలియంది 9. ఆ నిష్పత్తిన చూస్తే 5 దగ్గర తేలుతుంది. ఇది మరింత విషంలా ఉంది కాబట్టి ఇంకా తగ్గించి 2 అన్నారు. 1949లో కమిషన్ దాన్ని తాత్కాలికంగా అమల్లోకి తెచ్చింది. ఐసెన్‌బడ్ దీన్ని దాచలేదు, తర్వాత తానే రాశాడు. అందుకే దీనికి "టాక్సీ ప్రమాణం" అని పేరొచ్చింది.

వాళ్ళిద్దరినీ నేను తప్పుపట్టను. మనుషులు చచ్చిపోతున్నప్పుడు పూర్తి డేటా వచ్చేదాకా ఆగుదాం అనడం కంటే ఒక ఉజ్జాయింపు హద్దు పెట్టడం మేలు. గాలిని అదుపులో పెట్టాక, కొద్దిరోజుల్లోనే మనిషిని పడగొట్టే తీవ్రమైన జబ్బు దాదాపు మాయమైంది కూడా. తప్పంతా ఆ తర్వాత జరిగింది. 1959లో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం అదే 2 తన పట్టికలోకి ఎక్కించుకుంది. 1971లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ అదే 2 చట్టం చేసింది. పాత బడ్జెట్ అంకెను ఏటా దింపుకున్నట్టు, ఒకరి పట్టిక మరొకరికి ఆధారమైంది. మొదటి వోచర్ ఎవరూ తిరగేయలేదు.

తిరగేస్తే ఏం తెలిసేది? ఆ లెక్క బెరీలియాన్ని సీసం లాంటి మామూలు విషంగా భావించింది. కానీ దీర్ఘకాలిక బెరీలియం జబ్బు అలర్జీ జాతికి చెందింది. శరీరపు రోగనిరోధక వ్యవస్థే ఎదురుతిరిగి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ లక్షణం ఉంటుందని 1993లో జన్యు పరిశోధన చూపింది. అలాంటివారికి 2 కంటే తక్కువలోనూ జబ్బు వస్తుంది. పరమాణు భారానికీ దీనికీ సంబంధం లేదు.

1975లో హద్దును 1కి తగ్గించాలని కార్మిక భద్రతా సంస్థ ప్రతిపాదించింది. ఆయుధాలకు లోహం అందదేమోనని రక్షణ, ఇంధన శాఖలు అడ్డుపడ్డాయి, ఫైలు మూలపడింది. డిఫెన్స్ ఖాతాలు చూసినవాడిగా నాకు ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. లోహం ఖరీదు ప్రతి పైసా లెక్కల్లోకి ఎక్కుతుంది. కార్మికుడి ఊపిరితిత్తులు ఏ పద్దులోనూ కనపడవు. అదే ఇంధన శాఖ 1999లో తన అణు కేంద్రాల్లో 0.2 దగ్గరే జాగ్రత్త చర్యలు మొదలుకావాలంది. దేశమంతటికీ 0.2 హద్దు 2017 జనవరిలో గానీ ప్రకటించలేదు. టాక్సీ దిగాక 68 ఏళ్ళు!

మరి మన సంగతి? 1984 భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సెక్షన్ 41ఎఫ్, రెండో షెడ్యూలు చేర్చారు. అందులో బెరీలియం ఎదుట ఉన్న అంకె 0.002 మిల్లీగ్రాములు. అంటే 2 మైక్రోగ్రాములే. మూడు దశాంశ స్థానాల ముసుగేసుకుని టాక్సీ మన చట్టంలోకీ వచ్చింది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ ప్రకారం ఈ హద్దులు రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించాలి. పాత షెడ్యూలును అలాగే దింపుకుంటే ఆ టాక్సీ ఇంకో తరం నడుస్తుంది.

ఇది చదివి "చూశారా, సైన్సంతా ఇంతే" అని నాటువైద్యులు సంబరపడనక్కరలేదు. అంకె తప్పని తేల్చింది రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, జన్యు పరిశోధనలే గాని జాతకం కాదు. ఉజ్జాయింపు వేయడం అశాస్త్రీయం కాదు. దాన్ని ఉజ్జాయింపని మరిచిపోయి మంత్రంలా జపించడమే అశాస్త్రీయం. హేతువాదులం దేవుణ్ణి అడిగే ఆధారాన్నే గెజిట్‌నూ అడగాలి. మీ రాష్ట్ర నియమాల్లో ఏ రసాయనానికి ఏ అంకె రాశారో, దాని వోచర్ ఏదో అడగండి. ఆ గాలి పీల్చే కార్మికుడికి అడిగే తీరిక లేదు.