స్టీరింగు బరువు

పోయిన నెల ఒక పొద్దున వాకిలి ఊడుస్తుంటే కారు ముందు చక్రం పక్కన రూపాయి బిళ్ళంత ఎర్రటి మరక కనిపించింది. ముట్టుకుంటే జిడ్డు. రెండు రోజులుగా మలుపు తిప్పినప్పుడల్లా బండి మూలుగుతోంది కూడా. పవర్ స్టీరింగ్ నూనె కారుతోందన్నమాట.

మావారు "పన్నెండేళ్ళ బండి, ఇక అమ్మేద్దాం" అన్నారు. మెకానిక్ చూడకుండానే ఫోనులో "పంపు మార్చాలమ్మా" అన్నాడు. నా బెంగ వేరు. వారానికి రెండుసార్లు అత్తయ్యగారిని మోకాళ్ళ ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది నేనే. ఈ కారు పోతే మళ్ళీ ఎవరికి తీరుతుందా అని ఎదురుచూడాలి.

అత్తయ్యగారు నవ్వి, "మీ మామయ్యగారి అంబాసిడర్ మీద నేనూ నేర్చుకుందామనుకున్నానమ్మా. నిలబడ్డ బండి తిప్పాలంటే భుజాలు పడిపోయేవి. ఆడవాళ్ళ వల్ల కాదులే అన్నారు, మానేశాను" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. కూర్చుని ఈ పవర్ స్టీరింగ్ కథంతా చదివాను. తీరా చూస్తే, మొదట "వల్ల కాలేదు" అన్నది మగవాళ్ళకే!

ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు అమెరికాలో పియర్స్-యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసేవాడు. బరువైన లారీలు తిప్పడం ఎంత కష్టమో ఆయనకు తెలుసు. 1922లో ఉద్యోగం మానేసి సొంతంగా ప్రయోగాలు మొదలుపెట్టాడు. అప్పటి నూనె యంత్రాల్లో ఒత్తిడిని ఎప్పుడూ బిగబట్టి ఉంచేవారు. అందుకే నూనె కారే బెడద. డేవిస్ దాన్ని తిరగేశాడు. నూనెను మామూలుగా పారనిచ్చి, స్టీరింగు తిప్పినప్పుడే వాల్వు అడ్డుపడేలా చేశాడు. మొక్కలకు నీళ్ళు పట్టేటప్పుడు గొట్టం మూతికి వేలు అడ్డం పెడితే జోరు వస్తుంది చూడండి, అలా.

1926లో దాన్ని కారులో అమర్చి డెట్రాయిట్‌లో చూపించాడు. జనరల్ మోటార్స్ ఒప్పందం చేసుకుంది కానీ, ఖర్చు ఎక్కువని 1934లో పక్కన పెట్టేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వాహనాలకు పనికొచ్చింది. చివరికి 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో మామూలు జనానికి దొరికింది. అంటే పాతికేళ్ళు! మన ఇళ్ళకు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1983లో వచ్చిన మారుతి 800కీ మొదట్లో పవర్ స్టీరింగ్ లేదు. ఇప్పటి చాలా కార్లలో ఆ పని ఎలక్ట్రిక్ మోటారే చేస్తుంది. నూనె ఉండదు, కారడమూ ఉండదు.

మాది నూనెదే కనుక నేనే దిగాను. ఇంజను చల్లారాక గొట్టాలన్నీ గుడ్డతో తుడిచి, కింద అట్ట పరిచాను. కాసేపు ఇంజను నడిపి ఆపి చూస్తే, పంపు పొడిగానే ఉంది. నూనె తిరిగి డబ్బాలోకి వచ్చే రబ్బరు గొట్టం చివర మాత్రం పగిలి తడిగా ఉంది. ఇది తక్కువ ఒత్తిడి గొట్టం కాబట్టి ధైర్యం చేశాను. పంపు నుంచి బయల్దేరే ఎక్కువ ఒత్తిడి గొట్టమైతే మాత్రం మనం ముట్టుకోకూడదు, మెకానిక్‌కే ఇవ్వాలి. నూనెకు తట్టుకునే కొత్త గొట్టం, రెండు క్లిప్పులు తెచ్చి బిగించాను. కారు పుస్తకంలో రాసిన రకం నూనే పోశాను. ఇందులో బ్రేక్ ఆయిల్ పొరపాటున కూడా పోయకండి.

ఇక గొట్టాల్లో చేరిన గాలి పోవాలంటే స్టీరింగును అటూ ఇటూ పూర్తిగా తిప్పాలి. నేను నూనె డబ్బా దగ్గర ఉండాలి కదా, మరి తిప్పేదెవరు? బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి అత్తయ్యగారిని కూర్చోబెట్టాను.

ముందు ఇంజను ఆపి తిప్పమన్నాను. కష్టంగా జానెడు తిప్పి, "ఇదిగో, ఆ రోజూ ఇంతే" అన్నారు. ఇంజను వేశాను. స్టీరింగు వెన్నలా తిరిగింది. డబ్బాలో నురగ తగ్గి, మూలుగు పోయి, "ఇక చాలండీ" అన్నా ఆవిడ ఆపలేదు. ఒంటి చేత్తో ఇంకోసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, "నా వల్ల కాకపోవడం కాదన్నమాట" అన్నారు.

మర్నాడు అట్ట పొడిగా ఉంది. కారు అమ్మే మాట మావారు మళ్ళీ ఎత్తలేదు.