రహదారిపై వాహన ప్రవాహం – చోదకుని పాత్ర: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:
రహదారిపై వాహనాలు నిలిచిపోతే ఇరుకుదారినో, ప్రమాదాన్నో కారణంగా చెప్పడం పరిపాటి. అయితే అవరోధమేదీ లేనిచోట కూడా రద్దీ ఏర్పడుతుంది. దీనికి కారణం వెతికిన పరిశోధకుల దృష్టి క్రమంగా చోదకుని వైపు ఎలా మళ్ళిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొలత నుండి సిద్ధాంతానికి:
1930లలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్ వాహనాల రాకపోకలను కెమెరాతో చిత్రీకరించి, వాహన సాంద్రత పెరిగేకొద్దీ వేగం అదే నిష్పత్తిలో తగ్గుతుందని 1935లో ప్రతిపాదించారు. 1955లో బ్రిటన్‌కు చెందిన లైట్‌హిల్, విథమ్ వాహనశ్రేణిని ద్రవప్రవాహంగా భావించి, దట్టమైన రద్దీ ఒక తరంగమై వెనుకకు ప్రయాణిస్తుందని గణితపరంగా చూపారు. మరుసటి ఏడాది అమెరికాలో రిచర్డ్స్ స్వతంత్రంగా ఇదే నిర్ణయానికి వచ్చారు. ఈ సిద్ధాంతంలో చోదకునికి ప్రత్యేకమైన ఉనికి లేదు. వాహనాలు నీటిబిందువులతో సమానం.

చోదకుని ప్రవేశం:
ఈ లోటును 1958లో చాండ్లర్, హెర్మన్, మాంట్రోల్ పూరించే ప్రయత్నం చేశారు. జనరల్ మోటార్స్ సంస్థ పరిశోధనల్లో భాగంగా వచ్చిన వీరి సమీకరణానికి ఆధారాలు రెండు: ముందు కారుతో గల వేగభేదం, దానికి చోదకుడు స్పందించడానికి పట్టే సమయం. స్పందన ఆలస్యమై, తీవ్రమైతే, ముందున్నవారు కొద్దిగా వేసిన బ్రేకు వెనుకకు పోయేకొద్దీ పెద్ద కుదుపుగా మారుతుంది.

2008లో ప్రచురితమైన ప్రయోగంలో జపాన్‌కు చెందిన సుగియామా బృందం 230 మీటర్ల వృత్తాకార దారిలో 22 కార్లను సమవేగంతో నడపమన్నప్పుడు, ఏ అడ్డంకీ లేకుండానే రద్దీ పుట్టి వెనుకకు కదిలింది. 2018లో ప్రచురితమైన అమెరికా ప్రయోగంలో, అటువంటి వలయంలోనే, ఇరవైకి పైగా వాహనాల్లో ఒక్కదానిని స్వయంచాలక నియంత్రణతో నిలకడగా నడపగా ఆ తరంగం అణగిపోయింది.

భారతీయ సందర్భం:
పై నమూనాలు ఒకరి వెనుక ఒకరు వరుసలో సాగే కార్లను ఊహించుకున్నాయి. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి వంటి చోట్ల లారీ, ఆటో, ట్రాక్టరు, ద్విచక్రవాహనం కలిసి సాగుతాయి. అక్కడ 'ముందు వాహనం' ఏదో నిర్ణయించడమే కష్టం. ఈ వైవిధ్యాన్ని భారతీయ ప్రమాణాలు 'ప్యాసింజర్ కార్ యూనిట్' అనే ఒకే కొలమానంలోకి మారుస్తాయి. కేంద్ర రహదారి పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన సామర్థ్య మార్గదర్శిని కూడా దీనినే అనుసరించింది. అయితే ఈ కొలమానం వాహనాన్ని లెక్కిస్తుందే గాని, చోదకుని స్పందనను నేరుగా లెక్కించదు.

ముగింపు:
దారిని విస్తరిస్తే సామర్థ్యం పెరుగుతుంది, కాని స్పందనలోని ఆలస్యం తగ్గదు. కాబట్టి రద్దీ నివారణను కేవలం వెడల్పు సమస్యగా చూసే ప్రణాళిక, ఎనభై ఏళ్ల పరిశోధన చూపిన కారణాల్లో ముఖ్యమైనదాన్నే విడిచిపెట్టినట్లవుతుంది.